చీటీ లేనిదే తలుపు తీయరాదు

ఆ బడిలో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పిల్లలకూ, టీచర్లకూ, పెద్దమేడానికీ ఆమె తాళాలమ్మ. నడుముకు వేలాడే గుత్తి ఆమెకంటే ముందే వరండా మలుపు తిరిగేది. ఆ గలగల వినగానే ఎంత అల్లరి క్లాసయినా ఓ క్షణం చెవులు రిక్కించేది. గుత్తిలో పదిహేడు తాళంచెవులు. పదహారింటితో ఆమెకు ఏ పేచీ లేదు. పదిహేడోది ఆడపిల్లల మరుగుదొడ్లది. ఆమె తల ప్రాణం తోకకు తెచ్చింది అదొక్కటే.

రెండేళ్ళ కిందట ఎవరో అక్కడ పంపు విరగ్గొట్టి పోయారు. మర్నాడు సెలవు. నీళ్ళు రోజంతా పారి పారి కింది అంతస్తులో కంప్యూటర్ల గదిని ముంచేశాయి. ఎవరు చేశారో తేలలేదు. తేలకపోయేసరికి అందరూ చేసినట్టే అయింది. ఊళ్ళో ప్రభుత్వ బడులన్నిటినీ చూసే విద్యా కమిటీ అన్ని బడులకూ ఒక నియమం రాసి పంపింది. మరుగుదొడ్లు రెండు విరామాల్లో మాత్రమే తెరవాలి, అదీ పదేసి నిమిషాలు. మిగతా వేళల్లో తాళం. అత్యవసరమైతే క్లాసు టీచరు చీటీ రాయాలి, దానిమీద ఆఫీసులో ముద్ర వేయించుకోవాలి, అది చూపిస్తేనే తాళాలు చూసే ఆయా తలుపు తెరవాలి. అన్నిటికన్నా కింద, పెద్ద అక్షరాల్లో: చీటీ లేనిదే తలుపు తీయరాదు.

కాగితం మీద చూస్తే బాగానే ఉంది. బడిలో నాలుగువందల పన్నెండు మంది ఆడపిల్లలు, ఐదు మరుగుదొడ్లు. ఐదోదానికి గడియ పడదు. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. విరామం గంట కొట్టగానే వరుస మెట్లదాకా పాకేది. పదో నిమిషానికి తాళాలమ్మ తాళం పట్టుకుని "చాలింక, పదండి పదండి" అని తరమాలి. వరుసలో సగం మంది వచ్చినదారినే తిరిగి పోవాలి. చీటీ భాగోతం అంతకన్నా అన్యాయం. క్లాసులో లేచి నిలబడి అందరి ముందూ అడగాలి. మగపిల్లలు కిసుక్కుమంటుంటే టీచరు రాసేదాకా నేల చూపులు చూడాలి. రెండంతస్తులు దిగాలి. గుమస్తా ఫోన్లో ఉంటే ఆగాలి. ఆ తరువాత తాళాలమ్మ ఏ మూల ఊడుస్తోందో వెతుక్కోవాలి. ఇంత తంతు కన్నా నీళ్ళు తాగడం మానేయడమే తేలిక అని పన్నెండేళ్ళ పిల్లకు తోస్తుంది. చాలామందికి అలాగే తోచింది.

ఇచ్చిన చీటీలను తాళాలమ్మ స్టోరుగదిలో ఒక ఇనుప ఊచకు గుచ్చి పెట్టేది. టీచరు వేసిన టైము పక్కన, తను తలుపు తీసిన టైము కూడా పెన్సిలుతో వేసేది. ఎవరూ వేయమనలేదు. అత్తగారు నేర్పిన అలవాటు. అసలా ఉద్యోగమే అత్తగారిది. ఇరవై ఎనిమిదేళ్ళు అదే వరండాలు తుడిచి, మోకాళ్ళు మొరాయించాక, ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి కోడలిని ఆ చోట కూర్చోబెట్టింది. కాకపోతే అత్తగారిది పర్మినెంటు, కోడలిది ఏడాది కాంట్రాక్టు. ఏటా పైనుంచి ఒక కాగితం రావాలి. వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. భర్త లారీ మీద నెలకు నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంటాడు. అందుకని ఆ కాగితం కోసం ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళూ ఊపిరి బిగబట్టి ఎదురుచూసేవారు. మూడో ఆడది కూతురు. పేరు పెట్టి ఎవరూ పిలవరు, అందరికీ అమ్మడే. అదే బడిలో ఎనిమిదో తరగతి.

కూతురున్న బడిలోనే తాళాలు చేతిలో ఉండడం బయటివాళ్ళకు అదృష్టంలా కనపడుతుంది. తాళాలమ్మకు అది కత్తిమీద సాము. "తన పిల్లకైతే తీస్తుంది చూడు" అన్న మాట ఎక్కడ పడాల్సి వస్తుందోనని, నియమం వచ్చిన మొదటి వారమే ఇంట్లో కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. "బడిలో నేను నీకు అమ్మని కాను. చీటీ తెచ్చుకో, అందరిలాగే." అమ్మడు తలూపింది. ఆ తరువాత ఒక్కసారి కూడా చీటీ తేలేదు. పిల్ల బుద్ధిమంతురాలని తల్లి మురిసింది.

కిందటి చలికాలంలో ఒకరోజు, మూడో పీరియడులో, ఆరో తరగతి పిల్ల ఒకతె పరుగున వచ్చింది. బక్కపలచని పిల్ల, వేరే బడినుంచి కొత్తగా చేరింది. చేతిలో చీటీ లేదు.

"చీటీ ఏదమ్మా?"

"టీచర్ లేరు ఆంటీ. రాలేదు."

"అయితే ఆఫీసుకెళ్ళు. అక్కడే రాసిస్తారు."

పిల్ల కదల్లేదు. రెండు చేతులూ పిడికిళ్ళు బిగించి తలుపువంకే చూస్తోంది. తాళాలమ్మ చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది కూడా. సరిగ్గా అప్పుడే వరండా చివర పెద్దమేడం కనపడింది, ఎవరో ఇన్‌స్పెక్షనాయన్ని వెంటబెట్టుకుని. చెయ్యి అక్కడే ఆగిపోయింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆగుదామనుకుంది. వాళ్ళు తిరిగారు. పిల్ల మాత్రం ఆగలేకపోయింది.

తాళాలమ్మ గుడ్డ తెచ్చి నేల తుడిచింది. స్టోరుగదిలోంచి ఎవరిదో పాత యూనిఫారం వెతికి ఇచ్చింది. "నేనెవరికీ చెప్పన్లే" అంది. పిల్ల ఏడవలేదు. నాలుగు రోజులు వచ్చింది, ఐదో రోజునుంచి రాలేదు. ఎవరూ ఆరా తీయలేదు. తాళాలమ్మ కూడా తీయలేదు. అయితే ఆ చోట తుడవాల్సి వచ్చినప్పుడల్లా ఆమె చీపురు కాస్త పక్కనుంచి పోయేది.

గొడవ మొదలైంది మాత్రం ఎదురింటి టైలరమ్మ వల్ల. ఆవిడ ముందు గదిలో రెండు మిషన్లు, గోడనిండా వేలాడే యూనిఫారాలు, మధ్యలో కత్తిరింపుల బల్ల. ఆవిడ కూతురూ అమ్మడూ ఒకే బెంచీ. ఆ పిల్లకు జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. మూడోసారి ఆసుపత్రిలో పడుకోబెట్టారు. మూత్రంలో ఇన్ఫెక్షను కిడ్నీ దాకా పాకిందన్నారు. "నీళ్ళెందుకు తాగడం లేదు పాపా?" అని డాక్టరు అడిగితే, పిల్ల బడి నియమం పొల్లుపోకుండా అప్పజెప్పింది.

టైలరమ్మ ఊరుకునే మనిషి కాదు. పెద్దమేడం దగ్గరికి వెళ్తే ఆవిడ నియమం కాగితం చూపించింది. ఆఫీసుకు వెళ్తే కమిటీ అన్నారు. కమిటీ దగ్గరికి వెళ్తే రాతపూర్వకంగా తెమ్మన్నారు, ఒక్కరు కాదు, తల్లిదండ్రుల్లో సగం మంది సంతకాలతో. "సగమేం ఖర్మ, అందరిచేతా పెట్టిస్తాను" అనేసి వచ్చింది. ఆ రోజునుంచి కత్తిరింపుల బల్లే కచేరీ అయింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ముందు సంతకం పెట్టాలి, ఆ తరువాతే టేపు మెడలోంచి దిగేది. "పెట్టకపోతే?" అని ఒకావిడ నవ్వుతూ అడిగితే, "చేతులు పొట్టిగా కుట్టి పంపిస్తా" అంది. సాయంత్రాలు పదిమంది తల్లులు పోగై, ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని అడిగి రాసుకునేవారు: రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతావు, ఎన్నిసార్లు ఆపుకున్నావు, ఎందుకు చీటీ అడగలేదు.

తాళాలమ్మ తన కిటికీలోంచి అదంతా చూసేది. కిటికీ రెక్క సగమే తెరిచి.

ఒకరోజు టైలరమ్మే వచ్చింది. ఇంట్లో ఇంకెవరూ లేని వేళ చూసుకుని వచ్చింది.

"వదినా, నీ దగ్గర చీటీలున్నాయటగా. టైములతో సహా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితేనేం. అవి ఇస్తే చాలు, కమిటీ నోరు మూతపడుతుంది. టీచరు రాసిన టైమొకటి, నువ్వు తీసిన టైమొకటి. మధ్యలో ఎంతసేపో వాళ్ళే లెక్కేసుకుంటారు. మేం నోటితో ఎంత చెప్పినా ఆడవాళ్ళ గోల అంటున్నారు."

"అవి బడి కాగితాలు వదినా. నేను బయటికిస్తే..."

"నా పిల్లని చూశావుగా. చేతికి సూదులు గుచ్చించుకుని పడుకుంది."

"చూశాను."

"మరి?"

తాళాలమ్మ కాళ్ళవంక చూసుకుంటూ నిలబడింది, క్లాసులో చీటీ అడిగే పిల్లలాగా. టైలరమ్మ "సర్లే, నీ ఇబ్బంది నీది" అని లేచింది. కోపంగా అని ఉంటే బాగుండేది. జాలిగా అంది.

మరుసటి వారం పెద్దమేడం పిలిచింది. పెద్దమేడం రాక్షసి కాదు. జ్వరమొస్తే ఇంటికి పొమ్మనే మనిషి, అమ్మడికి పాత పుస్తకాలు ఇప్పించిన మనిషి. ఆ రోజు కుర్చీ చూపించి కూర్చోమంది. ఆరేళ్ళలో ఆ గదిలో తాళాలమ్మ ఎన్నడూ కూర్చోలేదు.

"చూడమ్మా, ఈ పిటిషను మీద కమిటీ విచారణ పెట్టింది. మన బడి జవాబు ఇవ్వాలి. నియమం నేను చేసింది కాదు, నువ్వు చేసిందీ కాదు. కానీ అమలు సరిగ్గా లేదంటే ముందు నా మెడకి, తర్వాత నీ మెడకి చుట్టుకుంటుంది. చదివి సంతకం పెట్టు."

టైపు చేసిన కాగితం. 'చీటీతో వచ్చిన ప్రతి విద్యార్థినికి నేను ఆలస్యం లేకుండా తలుపు తెరిచాను. ఏ విద్యార్థినికీ నా వల్ల అసౌకర్యం కలగలేదు.' కింద గీత, గీత కింద ఆమె అసలు పేరు. ఆ పేరు అచ్చులో చూసుకుంటే ఎవరో పరాయిమనిషి పేరులా ఉంది.

"నాకు రెండేళ్ళలో రిటైర్మెంటు. నీ కాంట్రాక్టు కాగితం ఈ నెలలోనే పైకి పంపాలి" అంది పెద్దమేడం, కిటికీవైపు చూస్తూ. బెదిరించినట్టు లేదు. ఉన్నమాట చెప్పినట్టు ఉంది. "అన్నట్టు, స్టోరుగదిలో పాత చిత్తుకాగితాలు పేరుకుపోయాయట. ఖాళీ చేయించు."

తాళాలమ్మ సంతకం పెట్టింది. పెన్ను సరిగ్గా రాయకపోతే రెండోసారి దిద్దింది కూడా.

చీటీలను పారేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. అలాగని టైలరమ్మకు ఇవ్వడానికి ధైర్యమూ లేదు. సంచిలో దాచి ఇంటికి తెచ్చి, అటకమీద పాత దుప్పట్ల మధ్య పెట్టింది. ఆ అటక కిందే కూర్చుని తినేది, ఆ అటక కిందే పడుకునేది. ఇంట్లో ఎవరు తలెత్తి చూసినా ఏదో ఒక పని చెప్పి పంపేసేది.

ఆ సాయంత్రాల్లోనే ఒకసారి అమ్మడి బడిసంచి సర్దుతుంటే సీసా చేతికి తగిలింది. మూతదాకా నిండుగా ఉంది.

"ఇదేంటే, తాగలేదా?"

"రోజూ తాగను." పిల్ల పుస్తకంలోంచి తలెత్తలేదు.

"రోజూనా? మరి సీసా ఖాళీగా వస్తుందిగా?"

"గేటు దగ్గర పారబోసి వస్తాను. ఇవాళ మర్చిపోయా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు బడిలో అమ్మవి కాదన్నావుగా." అందులో ఎత్తిపొడుపు లేదు. అమ్మడు లెక్కకు జవాబు చెప్పినట్టు చెప్పింది. పేజీ తిప్పి, "టైలరాంటీ పుస్తకంలో నాదీ రాయించాను. పేరు వేయొద్దన్నాను, నీకు ఇబ్బంది అని" అంది.

రాత్రంతా ఆలోచించి, తెల్లారి లేస్తూనే అటక మీదికి చెయ్యి పెట్టింది. దుప్పట్లే తగిలాయి. స్టూలు వేసుకుని ఎక్కింది. దుప్పట్లన్నీ కిందికి లాగింది.

"వెతక్కు" అంది అత్తగారు పెరటి గుమ్మంలోంచి. "నిన్న మధ్యాహ్నం నీళ్ళ పొయ్యిలో వేశాను."

"అత్తయ్యా!"

"అరవకు. నా మోకాళ్ళ మీద అటకెక్కానంటే అర్థం చేసుకో ఎంత భయపడ్డానో. నువ్వు సంతకం పెట్టొచ్చావని నీ మొహమే చెప్పింది. సంతకం ఒకటి, చీటీలు ఇంకొకటి చెబితే నిన్నేం చేస్తారు? అబద్ధాలకోరువని గెంటేస్తారు. అప్పుడు ఆ టైలరమ్మొచ్చి నీకు ఉద్యోగమిస్తుందా?"

"మీరే కదా నేర్పారు, కాగితం దాచుకోమని."

"మనల్ని కాపాడుకోడానికి నేర్పాను, మనమీదికి తెచ్చుకోడానికి కాదు." ముసలావిడ గుమ్మం పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. "నా రోజుల్లో ఆ తలుపుకి తాళమే లేదే. నాకేం తెలుసు ఇలాంటి రోజొస్తుందని."

కోడలు కిందపడ్డ దుప్పట్లు మడతపెట్టింది. అనడానికి ముసలావిడ తప్పేముంది? తను పెన్నుతో చేసిన పనే ఆవిడ పొయ్యితో చేసింది.

విచారణ రోజున రిజిస్టర్ల కట్ట మోసుకుని పెద్దమేడం వెనకాల తాళాలమ్మ కూడా కమిటీ హాలుకు వెళ్ళాల్సి వచ్చింది. పొడుగాటి హాలు. కిటికీలకు మేకులు కొట్టేసి ఉన్నాయి, పైన రెండే ఫ్యాన్లు. బల్ల వెనక ఐదుగురు. నలుగురు మగవాళ్ళు, ఒకావిడ. ఎదురుగా నూటపాతికమంది తల్లులు. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. తాళాలమ్మకు ముందు వరుసలో బడివాళ్ళ పక్కన చోటిచ్చారు. వెనకనుంచి టైలరమ్మ చూపు వీపుకు గుచ్చుకుంటున్నట్టే అనిపించింది. అమ్మడు కూడా వచ్చింది, తల్లితో కాదు, తల్లులతో.

టైలరమ్మ లేచి మాట్లాడింది. కుట్టుకొలతలు చెప్పినంత సూటిగా చెప్పింది. "నాలుగువందల పన్నెండు మంది. ఐదు మరుగుదొడ్లు. పది నిమిషాలు. ఒక్కో పిల్లకి ఎన్ని సెకన్లో మీరే చెప్పండి సార్. ఏడున్నర కూడా రాదు. మీలో ఎవరైనా ఏడు సెకన్లలో వెళ్ళిరాగలిగితే నేనీ పిటిషను ఇక్కడే చింపేస్తాను." హాలంతా నవ్వింది. బల్ల వెనక ఉన్నావిడ కూడా నవ్వు ఆపుకోడానికి తల దించుకుంది.

అధ్యక్షుడు నవ్వలేదు. "లెక్కలు బాగానే ఉన్నాయి. కానీ అత్యవసరానికి చీటీ పద్ధతి ఉంది కదా. అది సరిగ్గా పనిచేస్తోందని తాళాలు చూసే ఆయాగారే రాసిచ్చారు" అని కాగితం పైకెత్తి చదివాడు. చదువుతుంటే వెనకాల గుసగుసలు మొదలయ్యాయి. "తాళాలమ్మ పెట్టిందా సంతకం?" "ఆమె కూతురు కూడా ఉందిగా బడిలో!" ఆమెకు చెవుల్లో వేడి నూనె పోసినట్టయింది.

"ఆవిడ వచ్చారా?"

తాళాలమ్మ లేచి నిలబడింది. గుత్తి చప్పుడు చేయకుండా చేత్తో పట్టుకుంది.

"ఇది మీ సంతకమేనా?"

"నాదేనండి."

"అయితే ఇందులో ఉన్నది నిజమే కదా?"

ఔనంటే సరిపోయేది. పెద్దమేడం కూడా ఔననమన్నట్టే చూస్తోంది. తాళాలమ్మ నోరు తెరిచింది. ఔను రాలేదు. కాదు కూడా రాలేదు.

"సంతకం నాదేనండి. కిందటి చలికాలంలో ఒక పిల్ల వచ్చిందండి, ఆరో తరగతి. చీటీ లేదండి. నేను తియ్యలేదు. తాళంచెవి ఇక్కడే ఉందండి, నా నడుముకి. ఇంత దూరంలో." ఆమె చెయ్యి చాపి చూపించింది. "పిల్ల నిలబడినచోటే పాడుచేసుకుంది. నేనే తుడిచాను. ఎవరికీ చెప్పనన్నాను. ఇప్పుడు చెప్పేశాను, పేరు మాత్రం చెప్పనండి. ఆ పిల్ల బడి మానేసింది. చీటీతో వచ్చినవాళ్ళకి వెంటనే తీశానంటే అదీ అబద్ధమేనండి. పావుగంట పట్టేది, ఒక్కోసారి అరగంట. నేను చెత్త పారబోయడానికి వెళ్తే నాకోసం బడంతా వెతికేవాళ్ళు."

"దానికి రుజువేమన్నా ఉందా? ఆ చీటీలు?"

"లేవండి. కాలిపోయాయి."

"ఎవరు కాల్చారు?"

"మా ఇంట్లోనే కాలాయండి. నాదే తప్పు."

పెద్దమేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. అధ్యక్షుడు పక్కవాళ్ళతో తల దగ్గరగా పెట్టి చాలాసేపు మాట్లాడాడు. తరువాత కుర్చీలో వెనక్కి వాలాడు. లోకం చూసిన మనిషి. నూటపాతికమందిని ఉత్త చేతులతో పంపకూడదని తెలుసు, తన చేతికి మట్టి అంటకూడదనీ తెలుసు.

"మీ ఒక్క బడిలో మూడు నెలలు తాళం తీసి చూద్దాం. కానీ మళ్ళీ పంపు విరిగితే, గది మునిగితే, ఎవరిని అడగాలి? ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి కదా." చూపు హాలంతా తిరిగి వచ్చి ఆమె మీద ఆగింది. "మీరు ఇంత చెప్పారు. పిల్లల్ని నమ్ముతారు కదా?"

నమ్మనని ఎలా అంటుంది? అంతమంది తల్లుల ముందు, కూతురి ముందు?

"నమ్ముతానండి."

"అయితే రాసివ్వండి."

అక్కడికక్కడే గుమస్తా రాశాడు. మరుగుదొడ్లలో ఏది విరిగినా సంజాయిషీ ఆమెదే. మూడు సంజాయిషీలైతే ఉద్యోగం ఉండదు. రెండు నెలల్లో అదే ఆమె రెండో సంతకం. తల్లులు చప్పట్లు కొట్టారు. టైలరమ్మ వచ్చి గట్టిగా వాటేసుకుంది. ఆ చప్పట్లలో, ఆ కౌగిలిలో తాళాలమ్మకు ఊపిరాడలేదు.

బయటికి వస్తుంటే పెద్దమేడం ఒక్కటే అంది. "ముందు నాకు చెప్పాల్సిందమ్మా. ఏదో ఒకటి చూసేదాన్ని." ఆవిడ నిజంగా చూసి ఉండేదేమో. ఇక ఎప్పటికీ తెలియదు.

మర్నాటినుంచి వరండా చివర ఒక స్టూలు వేశారు. వరండాలు ఊడ్చే పని ఇంకో మనిషికి పోయింది. తాళాలమ్మ పని ఇప్పుడు ఆ స్టూలు మీద కూర్చోవడమే. ఉదయం ఎనిమిదిన్నర నుంచి బడి వదిలేదాకా. ఎదురుగా గోడ. గోడమీద నియమం కాగితం పీకేసినచోట నలుచదరపు మచ్చ. ఒక్కో పిల్ల బయటికి రాగానే లోపలికి వెళ్ళి ఐదు పంపులూ తిప్పి చూసేది. నీళ్ళు ఎక్కడ చుక్క చుక్కగా పడినా ఆమెకు వినపడేది, ఇంట్లో నిద్రలో కూడా. భోజనం ఆ స్టూలు మీదే. తనకు అవసరమైతే ఎవరినైనా బతిమాలి కూర్చోబెట్టి వెళ్ళాలి, వాళ్ళు దొరికేదాకా ఓర్చుకోవాలి. నీళ్ళు తాగడం తగ్గించుకుంది.

పిల్లలు మాత్రం మారారు. మొదట్లో ఒక్కొక్కరే బెదురుగా వచ్చేవారు. తరువాత జంటలుగా, గుంపులుగా, నవ్వుకుంటూ, తుళ్ళుకుంటూ. గడియలేని ఐదో తలుపు బయట పట్టుకుని నిలబడ్డ పిల్ల లోపలిదానికి కథలు చెప్పేది. వాళ్ళ నవ్వు వింటే కడుపు నిండేది. ఆ నవ్వులోనే ఎవరో పంపు మీద చెయ్యి గట్టిగా వేసిన చప్పుడు వినపడితే స్టూలు మీంచి లేచేది. "నెమ్మదే, నెమ్మది! నా పీకల మీదికి తెస్తారు!" అని అరిచేది. అరిచాక సిగ్గుపడేది. ఒకసారి అమ్మడే లోపలినుంచి వస్తూ, "అమ్మా, పంపు నేనే మెల్లగా తిప్పానులే" అంది. స్నేహితురాళ్ళ ముందు అమ్మా అని పిలవడం అదే మొదటిసారి. తాళాలమ్మ వెంటనే లోపలికి వెళ్ళి పంపు చూసింది. చూడకుండా ఉండలేకపోయింది. తిరిగొచ్చేసరికి పిల్ల అక్కడ లేదు.

మూడు నెలల్లో ఒకే ఒక్క పంపు పాడైంది. ఎవరి తప్పూ కాదు, మర అరిగి ఊడింది. మొదటి సంజాయిషీ రాసిచ్చింది.

గడువు తీరాక కమిటీ ఊళ్ళోని పన్నెండు బడుల్లోనూ తాళాలు తీసేయమని ఉత్తర్వు ఇచ్చింది. టైలరమ్మ ఇంటిముందు సందడే సందడి. "ఊరంతటికీ తీయించాం వదినా!" అని తాళాలమ్మ చేతులు పట్టుకుని ఊపేసింది. ఆవిడ కూతురు కోలుకుంది, కాస్త ఒళ్ళు కూడా చేసింది. తాళాలమ్మ కాంట్రాక్టు కాగితమూ వచ్చింది, ఈసారి మూడు నెలలకే. అత్తగారు దాన్ని రెండుసార్లు చదివించుకుని, "వచ్చిందిగా" అంది.

ఆ వారమే పెద్దమేడం ఒక కవరు చేతిలో పెట్టింది. "మిగతా బడుల ఆయాలందరినీ రేపు కమిటీ హాలుకు రమ్మన్నారు. నీకు అనుభవం ఉంది కదా, ఇవి నువ్వే పంచి, వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పి, సంతకాలు పెట్టించుకురా."

కవరులో పదకొండు కాగితాలు. హాలులో ఆమె మాట మీద గుమస్తా రాసిన వాక్యాలే, ఇప్పుడు నీటుగా అచ్చువేసి ఉన్నాయి. ఏది విరిగినా సంజాయిషీ. మూడైతే ఉద్యోగం లేదు. పేరు రాసుకోడానికి ఖాళీ.

పదకొండు మంది మధ్యాహ్నానికి వచ్చి గోడవారగా కూర్చున్నారు. చేతులు చూస్తేనే తెలిసిపోతుంది, ఫినాయిలు నీళ్ళకు నానిన చేతులు. తాళాలమ్మ ఒక్కొక్కరికీ కాగితం ఇస్తూ పోయింది. చదవలేని ఇద్దరికి చదివి వినిపించింది. తన గొంతు తనకే పెద్దమేడం గొంతులా వినపడింది.

"ఇదంతా నీ పుణ్యమేనటగా?" అంది ఒకావిడ. "మా బడిలో తొమ్మిది పంపులు. నేనొక్కదాన్ని. రెండు అంతస్తులు. నన్ను రెండు ముక్కలు చేసి కూర్చోబెడతారా?"

"మీరు తలుపులు తెరిపించారు, మమ్మల్ని లోపలేశారు" అంది ఇంకొకామె. నవ్వుతూనే అంది, కానీ ఎవరూ నవ్వలేదు.

వాళ్ళన్నది నిజమే. పిల్లలకు మంచి జరిగిందన్నదీ నిజమే. రెండు నిజాల మధ్య నిలబడడానికి తాళాలమ్మకు చోటు చిక్కలేదు.

రైలుగేటు దగ్గరి బడి ఆయా అందరికన్నా పెద్దావిడ. కాగితాన్ని చాలాసేపు మోకాలిమీద పెట్టుకుని చదువుకుంది.

"అమ్మాయ్, దీనిమీద సంతకం పెట్టకపోతే ఏమవుతుంది?"

నిన్నటిదాకా ఎవరైనా అడిగి ఉంటే, ఉద్యోగం పోతుందని ఠక్కున చెప్పేసేది. నోటిదాకా వచ్చింది కూడా. ఆగింది. ఎవరు చెప్పారు ఆ మాట తనకు? పెద్దమేడం అనలేదు. అధ్యక్షుడు అనలేదు. కాగితంలోనూ లేదు.

"తెలియదు పెద్దమ్మా. నేను రెండుసార్లు పెట్టాను. పెట్టకుండా ఉండి చూడలేదు."

పెద్దావిడ తలూపింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. "నా మనవడికి చూపించి చెబుతాను" అని లేచి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా బయటికి నడిచింది. తొమ్మిది పంపుల ఆవిడ పెద్దావిడనే చూస్తూ కూర్చుంది. తరువాత పెన్ను మూత పెట్టేసి, తన కాగితం కూడా సంచిలో తోసుకుని వెనకాలే వెళ్ళింది. మిగతావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బస్సు టైమవుతోందని ఒకామె గబగబా సంతకం చేసింది. ఆమె వెనక ఇంకొకామె.

సాయంత్రం తాళాలమ్మ కవరు తెచ్చి బల్లమీద పెట్టింది. పెద్దమేడం లెక్కపెట్టుకుంది.

"తొమ్మిదే ఉన్నాయేంటి? మిగతా రెండూ?"

"ఇవ్వలేదండి."

"ఎందుకివ్వలేదు? నువ్వేం చెప్పావు?"

"అడిగినదానికి జవాబు చెప్పానండి."

పెద్దమేడం కళ్ళజోడు పైనుంచి చూసింది. తాళాలమ్మ ఖాళీ కుర్చీ వీపు మీద చేతులు ఆనించి నిలబడింది. ఎవరూ కూర్చోమనలేదు, వెళ్ళమనీ అనలేదు. బయట బడి వదిలే గంట కొడుతోంది.